మోకాలి లిగమెంట్ ఆపరేషన్: తొడ వెనకదా, చిప్ప కిందిదా, చీలమండదా?

పండక్కి ఊళ్లో కబడ్డీ ఆడుతూ మోకాలు మెలిపడిన కుర్రాడైనా, కాలవ గట్టు మీద బైకు జారి కాలు ఆనించబోయిన పెద్దాయనైనా, ఎంఆర్‌ఐ రిపోర్టులో "ఏసీఎల్ టేర్", అంటే మోకాలి లోపలి లిగమెంట్ తెగిందని వచ్చాక పడే తిప్పలు ఒకటే. నెల్లూరులో చూపిస్తే తొడ వెనక నుంచి టెండాన్ తీసి, తెగినదాని చోట వేస్తామంటారు. ఇంకో మాట అడుగుదామని చెన్నై వెళ్తే చీలమండ దగ్గర నుంచి తీయడం మేలంటారు. రైల్లో తిరిగొస్తూ యూట్యూబ్ తెరిస్తే, మోకాలి చిప్ప కింది టెండానే గోల్డ్ స్టాండర్డ్ అని ఎవరో విదేశీ డాక్టరు చెబుతుంటాడు. "ఇంతకీ ఎవరి మాట నమ్మాలన్నా?" అని ఫోన్లు మొదలవుతాయి.

ఈ ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. టెండాన్ ఎక్కడి నుంచి తీసినా అక్కడ ఎంతో కొంత నష్టం ఉంటుంది. ఆ నష్టం ఒంట్లో ఏ చోట పడితే ఈ మనిషి తట్టుకోగలడన్న అంచనా దగ్గరే డాక్టర్లు విడిపోతారు. అది అర్థం కావాలంటే ముందు తెగిందేమిటో తెలియాలి.

తెగింది ఏది, తనంతట తాను ఎందుకు అతకదు

ఎముకను ఎముకతో కలిపేది లిగమెంట్. కండను ఎముకతో కలిపేది టెండాన్. ఊళ్లో రెంటినీ కలిపి "నరం తెగింది" అనేస్తారు గానీ, నరాలకు దీనితో సంబంధం లేదు. ఏసీఎల్ అనేది మోకాలి కీలు లోపల, తొడ ఎముక నుంచి కాలి ఎముకకు ఏటవాలుగా దిగే లిగమెంట్. పొడవు మూడు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. కాలి ఎముక ముందుకు జారకుండా, మోకాలు మెలితిరగకుండా పట్టి ఉంచడం దాని పని.

చాలాసార్లు ఇది ఎవరూ కొట్టకుండానే తెగుతుంది. పాదం నేలకు అతుక్కుపోయి ఉండగా ఒళ్లు పక్కకు తిరిగితే చాలు. రైడర్ గీత వైపు తిరగబోతుండగా వెనక నుంచి చీలమండ పట్టుకోవడం, నాటు మడిలో పాదం బురదలో దిగబడి ఉండగా పక్కకు తిరగడం, ఇసుక మీద జారిన బైకును ఒంటికాలితో ఆపబోవడం, అన్నిట్లోనూ జరిగేది ఒకటే. టప్‌మని వినపడిందంటారు. కొన్ని గంటల్లో మోకాలు ఉబ్బుతుంది. రెండు మూడు వారాలకు వాపు తగ్గి, తిన్నగా నడవగలిగేసరికి తగ్గిపోయిందనుకుంటారు. గట్టు దిగేటప్పుడో, ఎవరో పిలిస్తే గభాలున వెనక్కి తిరిగినప్పుడో కాలు పట్టు తప్పుతుంది.

ఎముక విరిగితే మన వైపు చాలామంది ముందు పుత్తూరు కట్టు గురించే ఆలోచిస్తారు. కట్టు అయినా సిమెంటు పట్టీ అయినా, విరిగిన రెండు కొసల్నీ కదలకుండా ఉంచితే ఎముక అతుక్కుంటుందన్న నమ్మకం మీదే నడుస్తుంది. పూర్తిగా తెగిన ఏసీఎల్‌కి ఆ వెసులుబాటు సాధారణంగా దొరకదు. కీలు లోపలి ద్రవంలో అది ఉండటంతో, తెగిన కొసల మధ్య నెత్తురు గడ్డకట్టి నిలవదు. ఆ గడ్డ లేకపోతే అతుకు మొదలవ్వదు. 1970, 80ల్లో తెగిన కొసల్ని కుట్టి చూశారు. చాలామందిలో ఆ కుట్లు నిలవలేదు. అలా కుట్టడం మానేసి, ఆ చోట వేరే టెండాన్‌తో కొత్త లిగమెంట్ కట్టే పద్ధతి స్థిరపడింది. అలా వేసే టెండాన్‌నే గ్రాఫ్ట్ అంటారు.

తెగిన ప్రతివాళ్లకీ ఆపరేషన్ తప్పనిసరి అని కూడా లేదు. స్వీడన్‌లో చురుగ్గా ఉండే 121 మంది యువతీ యువకుల మీద జరిగి 2010లో వెలువడిన అధ్యయనంలో, సగం మందికి ముందు ఫిజియోథెరపీ మాత్రమే ఇచ్చారు. వాళ్లలో రెండేళ్లలో ఆపరేషన్ దాకా వెళ్లింది నూటికి 40 మంది లోపే. అయిదేళ్లకు అది సగానికి చేరింది. అంటే మిగతా సగం మంది ఆపరేషన్ లేకుండానే నెట్టుకొచ్చారు. తిరగడం, ఉరకడం, దూకడం ఉన్న బతుకైతే, లేదా తిన్నగా నడుస్తున్నా కాలు పట్టు తప్పుతుంటే లెక్క మారుతుంది. పట్టు తప్పిన ప్రతిసారీ లోపలి మెనిస్కస్, అంటే రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి, చిరిగే ప్రమాదం ఉంటుంది.

తొడ వెనక నుంచి: హ్యామ్‌స్ట్రింగ్

ప్రపంచంలో ఎక్కువగా వాడిన గ్రాఫ్టుల్లో ఇదొకటి. మోకాలి కింద, లోపలివైపు రెండు మూడు సెంటీమీటర్ల కోత పెడతారు. అక్కడ ఎముకకు అంటుకుని ఉండే రెండు సన్నటి టెండాన్లను దొరకబుచ్చుకుని, పొడవాటి కడ్డీ చివర రింగు ఉండే స్ట్రిప్పర్‌ని వాటి వెంబడే తొడలోకి తోస్తారు. దారిలో కండ నుంచి విడిపోయి టెండాన్ బయటికొస్తుంది. దానికి అంటిన కండను పక్క బల్ల మీద గీకి శుభ్రం చేసి, మడిచి, కొసలు కుట్టి, సైజు చూస్తారు. సైజు చూసే పరికరం వరసగా బెజ్జాలున్న ఒక లోహపు దిమ్మ. 7, 7.5, 8, 8.5 అంటూ అర మిల్లీమీటరు తేడాతో బెజ్జాలుంటాయి. గ్రాఫ్ట్ ఏ బెజ్జంలో బిగుతుగా దూరితే అదే దాని సైజు, గ్రాఫ్ట్‌ని దూర్చి బిగించడానికి ఎముకలో తొలిచే సొరంగానికి కొలత కూడా అదే.

ఈ దిమ్మ దగ్గరే హ్యామ్‌స్ట్రింగ్ బలహీనత బయటపడుతుంది. కోసి తీసేదాకా ఎంత లావు వస్తుందో కచ్చితంగా తెలియదు. పొట్టిగా, సన్నగా ఉండే మనుషుల్లో, ముఖ్యంగా ఆడవాళ్లలో, నాలుగు పేటలు వేసినా 7 మిల్లీమీటర్లే రావచ్చు. కుర్రవయసు వాళ్లలో 8 కంటే సన్నటి గ్రాఫ్టులు ఎక్కువగా తెగుతున్నాయని అధ్యయనాలు చూపించాయి. ఒక్క మిల్లీమీటరులో ఏముందనిపిస్తుంది గానీ లెక్క వేసి చూడండి. 7 మిల్లీమీటర్ల గ్రాఫ్ట్‌ని అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యం 38.5 చదరపు మిల్లీమీటర్లు. 8 అయితే 50.3. అంటే దాదాపు 30 శాతం ఎక్కువ. 9 అయితే 63.6. గ్రాఫ్ట్ సన్నగా వస్తే అయిదు, ఆరు పేటలుగా మడవడం, ఇంకో టెండాన్ కలపడం లాంటి దారులు సర్జన్ల దగ్గరున్నాయి.

కోత చిన్నది, చిప్ప మీద గాయం ఉండదు. అది దీని లాభం. తీసిన టెండాన్ కొంతకాలానికి చాలామందిలో కొంతవరకు మళ్లీ పెరుగుతుంది కూడా. నష్టానికొస్తే, మోకాలిని బాగా మడిచి లాగే బలం కొంత తగ్గుతుంది. ఇంకో చిక్కుంది. కాలి ఎముకను వెనక్కి లాగి పట్టుకునే హ్యామ్‌స్ట్రింగ్ కండలు ఏసీఎల్‌కి తోడు పని చేస్తాయి. కొత్త ఏసీఎల్ కట్టడానికి దాని తోడునే తగ్గించడమేమిటని కొందరు సర్జన్ల వాదన. మోకాలి లోపలి పక్క లిగమెంట్ కూడా దెబ్బతిన్న కేసుల్లో ఈ వాదనకు బలమెక్కువ, ఎందుకంటే ఆ పక్కను కాపాడేవీ ఈ టెండాన్లే.

చిప్ప కింది టెండాన్

మోకాలి చిప్ప నుంచి కాలి ఎముకకు దిగే మందపాటి పట్టీలో మధ్య మూడో వంతు, సుమారు 10 మిల్లీమీటర్ల వెడల్పున తీస్తారు. పైన చిప్ప ముక్క, కింద కాలి ఎముక ముక్క దానికి అంటుకునే వస్తాయి. అసలు ప్రయోజనం ఆ ఎముక ముక్కలదే. సొరంగంలో ఎముకకు ఎముక ఆరు వారాల ప్రాంతంలో అతుక్కుంటుంది. ఉత్త టెండాన్ ఎముకలో కుదురుకోడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది.

అమెరికాలో స్కూలు, కాలేజీ క్రీడాకారుల్ని ఆరేళ్లపాటు గమనించి 2020లో వెలువరించిన అధ్యయనంలో, హ్యామ్‌స్ట్రింగ్ వేసుకున్నవాళ్లకు మళ్లీ ఆపరేషన్ పడే అవకాశం చిప్ప కింది టెండాన్ వేసుకున్నవాళ్ల కంటే దాదాపు రెట్టింపుగా తేలింది. స్కాండినేవియా దేశాల్లో ఈ ఆపరేషన్లన్నిటినీ నమోదు చేసే రిజిస్ట్రీల్లోనూ మొగ్గు ఇటే ఉంది, తేడా మాత్రం అంత పెద్దది కాదు. గోల్డ్ స్టాండర్డ్ అన్న పేరు ఇలాంటి లెక్కల నుంచే వచ్చింది. ఆ అమెరికా లెక్కలో ఉన్నది పదిహేను, ఇరవై ఏళ్ల ఆటగాళ్లని వీడియోల్లో చెప్పరు. రొయ్యల చెరువు గట్టు మీద తిరిగే నలభై ఏళ్ల మనిషికి ఆ రెట్టింపును అలాగే తెచ్చి అంటగట్టలేం.

నష్టం మోకాలి ముందు భాగంలో. మోకాళ్ల మీద ఆనితే నొప్పి, కోత పక్కన చర్మం మొద్దుబారడం, మొదటి ఏడాది తొడ ముందు కండ నీరసం. చిప్ప పగలడం చాలా అరుదు, అసలు లేదని అనలేం.

చీలమండ పక్కది: పెరోనియస్ లాంగస్

ఇప్పుడు మన వైపు ఎక్కువ తికమక దీనితోనే. గత పదేళ్లలో ఇండియా, ఇండోనేషియా లాంటి చోట్ల బాగా ఊపందుకుంది. చీలమండ బయటి ఎముకకు పైన చిన్న కోత పెట్టి, పిక్క పక్కగా దిగే పొడవాటి టెండాన్‌ని తీస్తారు. మిగిలిన కింది కొసను పక్కనే ఉండే పెరోనియస్ బ్రెవిస్ టెండాన్‌కి కుడతారు, పాదాన్ని బయటికి తిప్పే పని అది చూసుకునేలా.

దీనికి ఆదరణ రావడానికి కారణాలు గట్టివే. రెండు పేటలు వేస్తే చాలు, సాధారణంగా 8 మిల్లీమీటర్ల పైనే వస్తుంది. మోకాలి చుట్టూ ఉన్న ఏ కండా దెబ్బతినదు. బైకు ప్రమాదాల్లో రెండు మూడు లిగమెంట్లు ఒకేసారి తెగినప్పుడు అదనపు టెండాన్ అవసరమవుతుంది, అప్పుడు ఇది బాగా పనికొస్తుంది. ఒకటి రెండేళ్లు గమనించిన అధ్యయనాల్లో మోకాలి ఫలితం హ్యామ్‌స్ట్రింగ్‌కి దీటుగానే ఉంది, చీలమండ పనితీరు స్కోర్లు కూడా మామూలుకు దగ్గరగానే వచ్చాయి.

ఎదుటి వాదనా వినదగ్గదే. ఈ టెండాన్ పాదం కిందుగా వెళ్లి బొటనవేలి మొదలును నేలకు అదుముతుంది, పాదం వంపుకు ఆసరా ఇస్తుంది. దాన్ని తీసేస్తే పదిహేనేళ్ల తర్వాత పాదం ఎలా ఉంటుందో చెప్పేంత పాత లెక్కలు, మిగతా గ్రాఫ్టులకు ఉన్నట్టు, దీనికి లేవు. స్ట్రిప్పర్ మోకాలి పక్క దాకా పైకి వెళ్తే, పాదాన్ని పైకెత్తించే నరానికి దగ్గరవుతుంది. అందుకే కాస్త కిందే ఆపాలి. "అది ఉన్నా లేకపోయినా ఒకటే" అని తేల్చేసే మాట మాత్రం నాకు ఒప్పుదల కాదు. ఒంట్లో ఖాళీగా కూర్చున్న టెండాన్ ఏదీ లేదు.

చిప్ప పైది, దాత నుంచి వచ్చేది

చిప్ప పైన ఉండే క్వాడ్రిసెప్స్ టెండాన్ మందంగా ఉంటుంది, చిప్ప కింది దానంతగా మోకాళ్ల నొప్పి తేదు. తొడ ముందు కండ బలం తిరిగి రావడం ఆలస్యం. డెన్మార్క్ రిజిస్ట్రీ 2020లో ఈ గ్రాఫ్ట్‌కి రెండో ఆపరేషన్లు ఎక్కువని చూపించింది. తర్వాత తరిచి చూస్తే, అవి ఎక్కువగా ఈ పద్ధతి అరుదుగా చేసే చోట్ల నుంచి వచ్చినవని తేలింది. చెయ్యి తిరిగిన సర్జన్ అన్నమాట ఎంత ముఖ్యమో చెప్పే ఉదాహరణ అది.

చనిపోయినవాళ్ల నుంచి దానంగా తీసుకునేది అల్లోగ్రాఫ్ట్. ఒంట్లో ఇంకో చోట కోత ఉండదు. కుర్రవాళ్లలో మాత్రం తెగే రేటు స్పష్టంగా ఎక్కువ, పైగా మన దేశంలో టిష్యూ బ్యాంకులు తక్కువ. 1980ల్లో కృత్రిమ దారాలతో చేసిన లిగమెంట్లు చాలామందిలో అరిగి, కీలంతా వాచి పక్కకు పోయాయి.

బలం లెక్కలు చూసి ఎంచుకోవచ్చా

ల్యాబులో లాగి తెంపిన లెక్కలు బాగా తిరుగుతుంటాయి. కుర్రవయసు ఏసీఎల్ సుమారు 2,160 న్యూటన్ల (లాగే బలానికి కొలత) దగ్గర తెగింది. చిప్ప కింది 10 మిల్లీమీటర్ల పట్టీ దాదాపు 2,900 దాకా ఆగింది. నాలుగు పేటల హ్యామ్‌స్ట్రింగ్ 4,000 దాటింది. ఈ వరస చూస్తే హ్యామ్‌స్ట్రింగే గెలవాలి, అమెరికా కుర్రాళ్లలో మాత్రం ఫలితం తిరగబడింది.

ఎందుకంటే ఆ లెక్క బల్ల మీది టెండాన్‌ది. ఒంట్లోకి వెళ్లిన గ్రాఫ్ట్‌కి మొదట నెత్తురు సరఫరా ఉండదు. లోపలి కణాలు చచ్చిపోతాయి, కొత్త కణాలు, కొత్త రక్తనాళాలు మెల్లగా చేరతాయి, లిగమెంట్‌లా మారడానికి ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది. ఆపరేషనైన రెండు మూడు నెలల ప్రాంతంలో గ్రాఫ్ట్ బాగా బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పటికే నొప్పి పోయి, మనిషి బైకెక్కడానికి తయారుగా ఉంటాడు.

కింద కూర్చునే బతుకులో

ఈ అంశం మీద వచ్చే చాలా పుస్తకాలు కుర్చీలో కూర్చునే మనుషుల్ని దృష్టిలో పెట్టుకున్నవి. "కింద కూర్చోగలనా?" అని మనవాళ్లు అడిగే ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి.

మోకాళ్ల మీద ఆనడం ఒకటి: నమాజు, చర్చిలో ప్రార్థన, టైల్స్ పరిచే పని. బరువంతా చిప్ప మీద, దాని కింద పడుతుంది. చిప్ప కింది టెండాన్ తీసినవాళ్లకు ఎక్కువ ఇబ్బంది ఇక్కడే. హ్యామ్‌స్ట్రింగ్ కోత కూడా మోకాలి కిందే కాబట్టి కొందరికి కొద్దిగా తెలుస్తుంది.

గొంతుక్కూర్చోవడం రెండోది: పొయ్యి దగ్గర, కలుపు తీసేటప్పుడు, పల్లెల్లో మరుగుదొడ్డిలో. కూర్చోడానికి కీలు పూర్తిగా మడవాలి, లేవడానికి తొడ ముందు కండ కావాలి. చిప్ప పైదో కిందిదో తీస్తే మొదటి ఏడాది లేవడం కష్టం. అసలు మడత ఎంతవరకు వస్తుందన్నది మాత్రం గ్రాఫ్ట్ కంటే మెనిస్కస్ కుట్టారా, ఫిజియో ఎలా జరిగింది అన్న వాటి మీద ఎక్కువ ఆధారపడుతుంది. మెనిస్కస్ కుట్టినప్పుడు లోతుగా మడవడాన్ని కొన్ని నెలలు ఆపేస్తారు, ఏ టెండాన్ వేసినా సరే.

బాసింపట్టు వేసుకోవడం మూడోది. అందులో మోకాలు మడవడమే కాకుండా పక్కకు తిరుగుతుంది కూడా. దీనికి ఒక గ్రాఫ్ట్ మరో గ్రాఫ్ట్ కంటే గట్టి తేడా తెస్తుందని చెప్పడానికి ఆధారం తక్కువ.

ముగ్గురు మనుషులు, మూడు లెక్కలు

కందుకూరు వైపు పంతొమ్మిదేళ్ల కబడ్డీ రైడర్ అనుకుందాం. కానిస్టేబుల్ సెలక్షన్స్‌లో 1,600 మీటర్ల పరుగు కూడా అతని కళ్లముందు ఉంది. ఈ వయసులో, ఈ ఆటలో మళ్లీ తెగడమే పెద్ద భయం. చిప్ప కింది టెండాన్‌కి మొగ్గే వాళ్లు ఇలాంటి వాళ్లనే చూపిస్తారు. మోకాళ్ల నొప్పి అతనికి రెండో సంగతి. దీనికి ఎదురుగా నిలిచే దారి, హ్యామ్‌స్ట్రింగ్ వేసి, మోకాలి బయటి పక్క నుంచి కణజాలపు పట్టీ ఒకటి తిప్పి బిగించి అదనపు ఆసరా ఇవ్వడం. 618 మంది కుర్రవాళ్ల మీద జరిగి 2020లో వెలువడిన ప్రయోగంలో, ఆ ఆసరా లేనివాళ్లలో రెండేళ్లలో నూటికి 11 మందికి గ్రాఫ్ట్ తెగితే, ఉన్నవాళ్లలో నలుగురికి తెగింది.

ఒంగోలులో టైల్స్ పని చేసే ముప్పై రెండేళ్ల మేస్త్రీకి లెక్క తిరగబడుతుంది. ఆట లేదు, కానీ రోజంతా మోకాళ్ల మీదే. మోకాలి ముందు నొప్పి అంటే అతనికి కూలి పోవడమే. హ్యామ్‌స్ట్రింగో, పెరోనియసో, చిప్ప పైదో అతనికి సర్దుకుంటాయి.

కొత్తపట్నం తీరంలో వేటకెళ్లే మనిషి సంగతి వేరు. ఊగే పడవ మీద నిలబడి వల లాగేటప్పుడు ఒళ్లు నిలిపేది చీలమండ. స్కోరు మామూలుకు దగ్గరే అన్న మాట అతనికి సరిపోతుందా అన్నది న్యాయమైన అనుమానం. అతని హ్యామ్‌స్ట్రింగ్ లావుగా వచ్చే ఒడ్డూ పొడుగూ ఉంటే అటే మొగ్గు. మూడు లిగమెంట్లు తెగి వచ్చాడంటే పెరోనియస్ వాడక తప్పకపోవచ్చు.

గ్రాఫ్ట్ కంటే ఎక్కువ తేడా తెచ్చేవి

ఏ టెండాన్ అన్న చర్చలో మరుగునపడే విషయం సొరంగం. ఎంత గట్టి పలుపైనా గుంజను తప్పు చోట పాతితే ఎద్దు నిలవదు. తొడ ఎముకలో సొరంగం కొద్ది మిల్లీమీటర్లు పక్కకు పడితే, గ్రాఫ్ట్ ఒక మడతలో బిగుసుకుని ఇంకో మడతలో వదులవుతుంది. విఫలమైన ఆపరేషన్లను తిరగదోడి చూస్తే తరచూ దొరికే కారణాల్లో ఇదొకటి. ఆ లెక్కన, పాతిక హ్యామ్‌స్ట్రింగ్‌లు చేసి రెండే పెరోనియస్‌లు చేసిన సర్జన్ దగ్గర హ్యామ్‌స్ట్రింగే మంచి గ్రాఫ్ట్.

రెండోది తొందర. నార్వేలో జరిగి 2016లో వచ్చిన అధ్యయనంలో, ఆపరేషన్ తర్వాత తొమ్మిది నెలల దాకా, ఆటలోకి దిగడం ఆలస్యం చేసిన ఒక్కో నెలకూ మళ్లీ దెబ్బతగిలే రేటు దాదాపు సగానికి తగ్గింది. 2022 డిసెంబర్ 30న కారు ప్రమాదంలో మోకాలి లిగమెంట్లు తెగిన క్రికెటర్ రిషభ్ పంత్, 2023 జనవరిలో ఆపరేషనయ్యాక మళ్లీ మైదానంలో దిగింది 2024 మార్చిలో. దేశంలో దొరికే మంచి ఫిజియోలందరూ చేతికింద ఉండగా పట్టిన కాలమది. మనవాళ్లలో చాలామంది కుట్లు తీసిన తర్వాత రెండు మూడు సార్లు ఫిజియోకి వెళ్లి మానేస్తారు, బస్సు ఛార్జీలు, పోయే కూలి లెక్క చూసుకుని. గ్రాఫ్ట్ ఎంపిక మీద మూడు ఊళ్లు తిరిగిన కుటుంబమే దీన్ని వదిలేయడం చూస్తుంటాం.

రెండోసారి తెగితే

మొదటిసారి ఏది వాడారో, రెండోసారికి అది ఉండదు. హ్యామ్‌స్ట్రింగ్ అయిపోతే చిప్ప కిందిదో, పైదో, చీలమండదో, లేదా బాగున్న రెండో కాలి నుంచి తీసిందో వాడాలి. అందుకే కొందరు సర్జన్లు మొదటి ఆపరేషన్‌లోనే రెండో ఆపరేషన్ గురించి కూడా ఆలోచిస్తారు. మొదట చేసిన సొరంగం బాగా వెడల్పయి ఉంటే, ముందు దాన్ని ఎముక పొడితో నింపి, నాలుగైదు నెలలాగి, అప్పుడు కొత్త గ్రాఫ్ట్ వేయాల్సి రావచ్చు.

అప్పుడు సర్జన్ మొదట అడిగేది పాత డిశ్చార్జి కాగితం. బిగించింది స్క్రూతోనా, చిన్న లోహపు బటన్‌తోనా అన్నది ఎక్స్‌రేలో చాలావరకు కనిపిస్తుంది. ఏ టెండాన్ తీశారో అంత తేలిగ్గా కనిపించదు. కాగితం పోతే మచ్చలే ఆధారం: చిప్ప ముందు నిలువు గీతా, మోకాలి కింద లోపలివైపు చిన్న మచ్చా, లేక చీలమండ పైనా అని వెతుక్కుంటారు.